ఉల్లిపొర తర్వాత

ట్రాక్టర్లో తెచ్చారు దాన్ని,
జొన్నచొప్ప మీద పడుకోబెట్టి,
ఆపరేషనైన మనిషిని తెచ్చినట్టు.
గోడకెక్కించి పోతూ పోతూ మెకానిక్ అన్నాడు:
'వేలితో తాకితే చాలు మేడం.'
హెడ్మాస్టరు గురవయ్యగారు ఆ మాటకే జడిసి
ఇంటినుంచి దుప్పటి తెచ్చి కప్పారు.
'పగిలితే మన జీతాల్లోంచే.'
నెల రోజులు
దుప్పటి మీది పూలకే పాఠం చెప్పాను.

మా బడి మార్కాపురం దాటి పది కిలోమీటర్లు.
ఇక్కడ తవ్వితే నీళ్లకన్నా ముందు పలక పడుతుంది.
నాయనలు రాతిని పొరలు పొరలుగా విప్పుతారు,
అమ్మలు అంచులు కోస్తారు, చట్రాలు బిగిస్తారు.
ఎక్కడో ఏ పసివాడో 'అ' దిద్దితే
ఆ పలక కింద మావాళ్ల వేళ్లుంటాయి.
ఈ మాట గర్వంగానే చెప్పుకుంటారు,
దగ్గుకీ దగ్గుకీ మధ్య.

దుప్పటి తీసింది నేను కాదు, కాశింబీ.
ఎనిమిదో తరగతి, మూడో బెంచీ.
ఊడ్చే వంతు వచ్చిన రోజు
దుప్పటి దులపబోతే కింద మీట తగిలింది.
గోడ వెలిగింది.
నేను అరిచాను. ఆ పిల్ల నవ్వింది.
తర్వాత ఏ బొమ్మ ఎక్కడ దాక్కుందో
నాకు నేర్పింది కూడా తనే.
ఆ సంగతి ఒప్పుకోడానికి నాకు వారం పట్టింది.

మూడొందల యాభై పెట్టి
చిటికెనవేలి గోరంత భూతద్దం కొన్నాను.
ఫోను కంటికి తగిలిస్తే
ఫోను చూసింది గోడా చూస్తుంది.

ఉల్లిపొరతో మొదలుపెట్టాం, పుస్తకంలో ఉన్నట్టే.
ఇటుకలు పేర్చినట్టు కణాలు.
'ఎర్రగడ్డలో మేస్త్రీ ఉండాడా టీచర్?'
వెనక బెంచీ.
ఇక ఆగలేదు వాళ్లు:
చీమ కాలు, మిరపగింజ, ఈరు,
మానిన దెబ్బ మీది పెచ్చు,
నా తెల్లవెంట్రుక, అడిగే పీకారు.
చీమ కాలికీ నూగుంటుందని
సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది.

శుక్రవారం ఓబులేసు పిడికిలి మూసుకుని వచ్చాడు.
'మా నాయన చొక్కా జేబులోది టీచర్.'
విప్పితే బూడిదరంగు, చిటికెడు.
అదీ పెట్టాను.
పెట్టకూడదని తోచలేదు.

పొడి కాదది.
గోడ నిండా పెంకులు.
ఒక్కటీ గుండ్రంగా లేదు,
ప్రతిదానికీ ఒక అంచు,
నడివీధిలో సీసా పగిలినట్టు.
ఎవరూ నవ్వలేదు.
సగంమంది నాయనలవీ అవే చొక్కాలు.

'ఇది లోపలికి పోతే యాడుంటది టీచర్?'

నేర్చుకున్నదే చెప్పాను:
'ఇంత పెద్దది ముక్కులోనే ఆగిపోతుంది నాయనా.
లోపలిదాకా పోయేది ఇంకా సన్నం,
దాన్ని ఈ అద్దం చూడలేదు.'
అన్నాక గాని తెలియలేదు ఏమన్నానో.
వాడు గోడకు ఇంకా దగ్గరగా జరిగాడు,
పెంకుకీ పెంకుకీ మధ్య ఖాళీలో వెతుకుతూ.

రెండుంబావుకు రోజూ పోయినట్టే కరెంటు పోయింది.
గోడ మీద నల్లటి పలక మిగిలింది.
అందులో మేం, ముప్పై ఒక్కమందిమి,
మసగ్గా,
తుడపడం మరిచిపోయిన రాతలా.

సోమవారం గురవయ్యగారు
దుప్పటి ఉతికి మళ్లీ తెచ్చారు.
ఎందుకో కప్పకుండా బల్ల మీద పెట్టి పోయారు.

ఇంటర్వెల్లో గేటు దగ్గర ఓబులేసు వాళ్లమ్మ.
పోట్లాటకొచ్చిందనుకున్నాను.
'రాత్రిళ్లు నాయన నిద్రపోతా ఉంటే
ముక్కుకి తడిగుడ్డ కడతాండాడు మావోడు.
మీరు చెప్పారంట.'
నేను చెప్పలేదు.
పనిలో కట్టుకోవాల్సింది నిద్రలో కడుతున్నాడని
ఆమెతో అనబోయి ఆగాను.
ఆమెకు తెలుసు.
'ఆ అద్దం ఒక్క రోజు ఇయ్యండి టీచర్,
ఫ్యాక్టరీకాడ మావోళ్లకి చూపియ్యాల.'

కొంగు చివర ముడేసుకుని వెళ్లిపోయింది.
ఫోను లేకపోతే అది ఉత్త గాజుబిళ్లేనని
ఆమె మలుపు తిరిగాక గుర్తొచ్చింది.
చెప్పులు కూడా వేసుకోకుండా
వెనకాల పరిగెత్తాను.